తోముకెళ్ళిన చేతులు

ఆ రోజు నేను ఐదు వేల మందికి పులిహోర కలుపుతున్నాను. ఇలా మొదలుపెడితే బావుంటుందని రాశాను గానీ, అది రాజోలు దగ్గర ఒక నిశ్చితార్థం. మూడు వందల మందికి మించి రాలేదు. నేను పెళ్ళిళ్ళ వంటమేస్త్రీని. డెబ్భై దాటినా గరిటె వదల్లేదు. పులిహోర మాత్రం గరిటెతో కలపను. మెతుకు విరగకుండా అన్నమంతటికీ పులుసు పట్టాలంటే చెయ్యి పెట్టాల్సిందే. ఆ రోజు చింతపండు పులుసు పోసి చెయ్యి పెట్టగానే అరచెయ్యి భగ్గుమంది. తీసి చూసుకుంటే అరచేతి మధ్యలో, బొటనవేలి మొదట్లో సన్నటి పగుళ్ళు. వాటి చుట్టూ కాస్త పొట్టు లేచి ఉంది.

పొద్దున్న కంద తరిగాను కదా, దాని దురదే అనుకున్నాను. మా వైపు పెళ్ళంటే కంద బచ్చలి కూర ఉండి తీరాలి. అందుకని ఏ వంటమేస్త్రీ చెయ్యి దురద పెట్టినా నింద కంద మీదికే పోతుంది. మెడికల్ షాపులో ఒక ట్యూబు అడిగి తెచ్చుకున్నాను. కొన్నాళ్ళు రాస్తే మాయమైంది. మానేస్తే ముందుకంటే పెద్దదిగా వచ్చింది. మళ్ళీ రాశాను. ఏడాది ఇలాగే గడిచింది. ఈలోగా మోచేతుల మీద మందపాటి మచ్చలు లేచాయి, తలలో చుండ్రులాంటిది పట్టింది. ఈ మూడూ ఒకటేనని నాకు తోచలేదు. మోచేతులు బల్లకి ఆనించడం వల్ల, తల వయసు వల్ల అని నేనే తీర్పు చెప్పుకున్నాను.

మా ప్రాంతంలో మనిషిని పక్కన పెట్టాలన్నా మర్యాదగానే పెడతారు. ఒక పెళ్ళిలో నేను గంగాళం ముందు కూర్చోబోతుంటే పెళ్ళికూతురి మేనమామ స్వయంగా కుర్చీ తెచ్చి వేశారు.

"మేస్త్రి గారూ, పెద్దవారు, తమరెందుకండీ చెయ్యి పెట్టడం. ఇలా కూర్చుని చెప్పండి చాలు. కలపడం మావాళ్ళు చూసుకుంటారండీ."

"ఆయ్" అన్నాను.

ఆయన చూపు నా అరచేతి మీదే ఉంది. ఆ కుర్చీలో కూర్చునే చివరి బంతి దాకా చూశాను. ఆ తర్వాత ముహూర్తాల్లో నాకు కబురు రాలేదు. అడిగితే మళ్ళీ చెప్తామండీ అన్నారు. కుష్టు అనే మాట ఊళ్ళో ఎవరూ నా ముందు అనలేదు. ఇంట్లో మేమూ అనుకోలేదు. నా కంచం వేరుగా పెట్టమని మా ఆవిడ సుబ్బలక్ష్మికి నేనే చెప్పాను. ఆవిడ వినిపించుకోకుండా అన్నిటితో కలిపే కడిగేది. నాకు కావలసింది ఒక్కటే. నేను చెయ్యి పెట్టిన అన్నం జనం తినొచ్చా, తినకూడదా? అది ఎవరో ఒక డాక్టరు తేల్చి చెప్పాలి.

అమలాపురంలో స్కిన్ డాక్టరు చూసి, ఏదైనా తగిలి పడక వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్ కావచ్చు, ఫంగస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు అన్నారు. అక్కడే నెలకోసారి జరిగే ఒక రీసెర్చి క్లినిక్‌కి రాసిచ్చారు. ఒక మెడికల్ కాలేజీ, ఒక ఇంజినీరింగ్ యూనివర్సిటీ, విదేశంలో మరో యూనివర్సిటీ కలిసి నడుపుతున్న పని అది. మూడు యూనివర్సిటీలు నన్ను ఏరికోరి పిలిపించుకున్నాయని రాజోలు బస్టాండులో అందరికీ చెప్పాను. నిజానికి చర్మం మీద మచ్చ ఉండి, సంతకం పెట్టడానికి ఒప్పుకున్న వాళ్ళని ఎవరినైనా చేర్చుకుంటున్నారు.

అక్కడి డాక్టరమ్మ తమ పని సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పారు. వాళ్ళు చదువుకున్న పుస్తకాల్లో చాలావరకు తెల్లటి చర్మం ఫొటోలేనట. వాటిలో జబ్బు ఎర్రగా కనిపిస్తుంది. మన చర్మం మీద అదే జబ్బు నల్లగానో ఊదాగానో ఉంటుంది, కుర్ర డాక్టర్లు పోల్చుకోలేకపోతారు. అందుకని మనలాంటి వాళ్ళ మచ్చల ఫొటోలు తీసి, టెస్టులు చేసి, రెండూ జోడించి దాస్తున్నారు. మందు పనిచేస్తున్న కొద్దీ మళ్ళీ తీస్తారు.

ముందు నన్ను కళ్ళు మూసుకోమన్నారు. సన్నటి నైలాన్ దారంలాంటి దానితో చేతుల మీద అక్కడక్కడ తాకించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. అన్నిచోట్లా తెలిసింది. నరాలు కూడా నొక్కి చూశారు.

"స్పర్శ బావుందండీ. నరాలూ మామూలుగానే ఉన్నాయి. మీరు పైకి అనకుండా భయపడుతున్న ఆ జబ్బు కాదిది" అన్నారు.

సుబ్బలక్ష్మి పైట చెంగుతో మొహం తుడుచుకుంది. నేను మాత్రం ఏమాత్రం చలించలేదు. అంటే, అప్పుడు చలించలేదు. ఇంటికొచ్చాక పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.

కాదన్నది తెలిసింది గానీ, ఏమిటన్నది తేలలేదు. చర్మం గీకి తీసి, ఫంగస్ ఉందేమోనని కె.ఓ.హెచ్. టెస్టు చేశారు, నెగెటివ్. మోచేతి దగ్గర చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపారు, నాన్‌స్పెసిఫిక్ అని వచ్చింది. ఏ ఒక్క జబ్బనీ చెప్పలేకపోతున్నాం అని దాని అర్థమట. జబ్బు మాత్రం నెలనెలా పెరుగుతోంది. ముంజేతుల మీద బారులు తీరినట్టు కొత్త మచ్చలు లేచాయి.

ప్రతి విజిట్‌కీ దురద సున్నా నుంచి పది లోపు ఎంత అని అడిగేవారు. నేను పది వేసుకోండి, ఆపైన ఏమైనా ఉంటే అదీ వేసుకోండి అనేవాణ్ణి. అసలు పగలు నాలుగు, రాత్రి ఆరు ఉండేది. తక్కువ చెబితే నన్ను తీసేస్తారేమోనని పెంచాను. ఇదే చివరికి నన్ను పట్టించింది. ఫొటోలు తీసే ఇంజినీరు నాలుగో నెలలో కంప్యూటరు మీద నా చేతులన్నీ వరసగా పెట్టి డాక్టరమ్మని పిలిచాడు.

"తాతగారూ, మీరు చెప్పే పది నా ఫొటోల్లో కనపడటం లేదండీ. ఇక్కడ చర్మం నున్నగా మెరుస్తోంది."

డాక్టరమ్మ నా ముంజెయ్యి పట్టుకుని ఆ బారులు చూశారు. ఇంట్లో ఏం రాస్తున్నారని అడిగారు. ఏమీ లేదన్నాను. సుబ్బలక్ష్మి గొంతు సవరించుకుంది.

"ఈయన ఇక్కడికొచ్చే రోజు పొద్దున్నే కొబ్బరి పీచు పెట్టి పొట్టంతా పోయేదాకా తోముకుంటారండీ. ఆనక కొబ్బరి నూనె రాసుకుంటారు. ముందు వారం నుంచీ ఆ షాపు ట్యూబు కూడా రాస్తారండీ. డాక్టరు గారి ముందు రాలుతున్న చెయ్యి ఎలా చాపుతాం అంటారండీ."

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పంచె ఉతికి కట్టుకోమా? చెయ్యీ అంతే అనుకున్నాను. మా ఊళ్ళో ఎవరైనా అలాగే వెళ్తారు.

"పొట్టు మీరు ఇంట్లోనే వదిలేసి వస్తున్నారు. నేను దేన్ని చూడాలండీ?" అన్నారు డాక్టరమ్మ. కోప్పడలేదు, అలసిపోయినట్టు నవ్వారు. కొన్ని జబ్బుల్లో చర్మం గీరుకున్న చోటల్లా కొత్త మచ్చ పుడుతుందనీ, ఆ బారులు నేను పీచుతో తోముకున్న బారులేననీ చెప్పారు. షాపు ట్యూబులో ఉన్నది గట్టి స్టెరాయిడ్. అది బయాప్సీలో కూడా జబ్బుని కనపడకుండా కప్పేసి ఉండొచ్చన్నారు.

ట్యూబు, పీచు, నూనె అన్నీ మానేసి తర్వాతి నెల రమ్మన్నారు. అంత సిగ్గుపడ్డ నెల నాకు మరొకటి లేదు. అమలాపురం బస్సులో తువ్వాలు కింద చేతులు దాచుకుని కూర్చున్నాను. క్లినిక్‌లో తువ్వాలు తీసేసరికి ఒళ్ళో తెల్లగా పొట్టు రాలింది. క్షమించండమ్మా అన్నాను. డాక్టరమ్మ ఆ చెయ్యి దీపం కిందికి లాక్కుని, గాజు పలక అంచుతో మెల్లగా గీశారు. వెండి రంగు పొర ఊడి, కింద సూది మొనలంత రక్తపు చుక్కలు కనబడ్డాయి.

"సోరియాసిస్" అన్నారు. "బయాప్సీ మళ్ళీ పంపుతాను గానీ, ఇది అదే. తలలో ఉన్నదీ ఇదే."

"అంటుకుంటుందాండీ?"

"అంటుకోదు. ఎవరికీ, ఎలాగా అంటుకోదు. కానీ పగుళ్ళు తెరిచి ఉన్నన్నాళ్ళు వంటలో చెయ్యి పెట్టకండి. మీ చేతికీ మంచిది కాదు, తినేవాళ్ళకీ శుభ్రం కాదు."

రెండో బయాప్సీ ఆవిడ మాటే చెప్పింది. పైకి ఆయింట్‌మెంటు, లోపలికి మెథోట్రెక్సేట్ మాత్ర ఇచ్చారు. మాత్ర వారంలో ఒక్క రోజే, పొరపాటున కూడా రోజూ వద్దని ఇద్దరి చేతా తిరిగి చెప్పించుకున్నారు. మధ్యలో ఫోలిక్ యాసిడ్. రక్తపరీక్షలు తప్పనిసరి. తాగుడు అలవాటుందా అని అడిగితే జన్మలో ముట్టలేదన్నాను. లివర్ టెస్టులో ఎంజైములు పెరిగేసరికి, పెళ్ళి వంట ముగిశాక కొంచెం తీసుకునేవాణ్ణని ఒప్పుకోవాల్సి వచ్చింది. మాత్ర ఆపారు. అరచేతులు మళ్ళీ పగిలాయి. ఆ కొంచెం పూర్తిగా మానేశాను. టెస్టులు సర్దుకున్నాక తక్కువ డోసుతో మొదలుపెట్టారు. నెమ్మదిగా మందం తగ్గింది, పగుళ్ళు పూడాయి.

ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. చలికాలంలో మోచేతుల మీద ఇప్పటికీ లేస్తుంది. నా అరచేతుల ఫొటోలు ప్రపంచంలో ప్రతి మెడికల్ కాలేజీలోనూ ఉన్నాయని అందరికీ చెబుతుంటాను. డాక్టరమ్మ నాకు చెప్పింది వాళ్ళ కాలేజీలో ఒక క్లాసులో చూపించామని మాత్రమే.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఈమధ్య కాట్రేనికోన నుంచి ఒక పెద్దావిడ మనవరాలి ఓణీల ఫంక్షనుకి మాట్లాడటానికి వచ్చారు. మర్యాదలేమీ పెట్టుకోకుండా మీ చేతికి ఏదో వచ్చిందట కదా, చూపించండి అన్నారు. రెండు చేతులూ చాపాను. జబ్బు పేరు చెప్పాను, అంటుకోదనీ చెప్పాను. ఆవిడ వేళ్ళతో నొక్కి చూసి, పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువ పెట్టొద్దని చెప్పి, ముహూర్తం ఏ రోజో చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, వాళ్ళాయనకి కాళ్ళ మీద ఇలాంటి పొట్టే లేస్తోందనీ, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాననీ, రాత్రికి నలుగు పెట్టి శుభ్రంగా తోమిస్తాననీ అన్నారు.

ఆవిడకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. తోమకండి. నూనె, పౌడరు, షాపు ట్యూబు ఏదీ రాయకండి. ఇంతకుముందు రాసిన ట్యూబులుంటే సంచిలో వేసి పట్టుకెళ్ళండి.

"డాక్టరు గారి గదంతా పొట్టు రాలుతుందేమోనండీ" అన్నారావిడ.

"రాలనివ్వండమ్మా. తుడుచుకుంటారు" అన్నాను.