గాలి మీద వచ్చినవాళ్ళకే మొదటి టీ

మా కింది ఇంటి అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. గుర్‌గావ్ ఆఫీసులో మీటింగులో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. ఆవిడ నాకు ఫోన్ చేసేది ఒక్క ఫ్లాస్కు కోసమే. ఆదివారం చెరువు నుంచి వస్తూ దాన్ని నా సంచిలోనే మర్చిపోయి పైకి తెచ్చేసుకోవడం నాకు అలవాటు. ఈసారీ అదే అనుకుని, నవ్వుతూ ఫోన్ ఎత్తాను. "అంకుల్ నిద్ర లేవలేదమ్మా" అన్నారు ఆంటీ.

ఆయనది భీమిలి. నేవీలో రిటైరయ్యాక జనక్‌పురిలో మా కింది వాటాలో ఉండేవారు. సముద్రం పక్కన పుట్టి, సముద్రం మీద పనిచేసి, చివరికి కుళాయిలో నీళ్ళెప్పుడొస్తాయా అని చూసే ఊళ్ళో పడ్డానని నవ్వేవారు. సోహ్నా దాటాక ఒక చెరువు మీద ఆయన పాత స్నేహితుడు చిన్న క్లబ్బు నడిపేవాడు. ఆదివారాలు అక్కడికెళ్ళి కొత్తవాళ్ళకి నీటి ఆటలు నేర్పేవారు. మోటారు పడవకి కట్టిన తాడు పట్టుకుని, కాళ్ళకి పలకలు కట్టుకుని నీటి మీద జారే ఆట ఒకటి. తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో పోయే ఆట ఇంకొకటి.

నాది అనంతపురం. నీళ్ళతో నాకున్న చుట్టరికం బిందెల దగ్గరే ఆగిపోయింది. విడాకుల కాగితాలు చేతికొచ్చిన నెలలో, మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ నన్ను ఓదారుస్తుంటే, అంకుల్ మాత్రం కారు తలుపు తీసి, "ఆదివారం ఖాళీయే కదమ్మా, ఎక్కు" అన్నారు. ఆ తర్వాత కూడా ఆ సంగతి ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. అందుకు నేను ఆయనకి ఎంత రుణపడి ఉన్నానో ఎప్పుడూ చెప్పలేదు.

మొదట తాడు ఆటే నేర్పారు. "తాడుకి ఎదురు లాగకు. చేతులు చాపి గొంతుక్కూర్చో. పడవే నిన్ను లేపుద్ది" అన్నారు. నేను బావిలోంచి చేద లాగినట్టు లాగాను. బోర్లా పడ్డాను. పడ్డాక కూడా తాడు వదల్లేదు, సగం చెరువు తాగాను.

"పడిపోయాక ఇంకా పట్టుకుని ఏటమ్మా పీకుతున్నావు? వదిలెయ్. పడవ దానిపాటికి అదే తిరిగొస్తుంది."

ఆ పూటే నిలబడ్డాను. ఎంత సంబరపడ్డానంటే ఆఫీసులో అందరికీ వీడియో చూపించాను. ఇంక తెరచాప ఎందుకు అనిపించింది కూడా. ఒక సాయంత్రం ఇంటి ముందు ఆ మాటంటే అంకుల్ ఒప్పుకున్నారు. "తాడు ఆటలో మొదటి రోజే సంబరం. తెరచాప ఆటలో మొదటి నెలంతా స్నానమే. భయం ఉన్నవాళ్ళకి తాడే మంచిది, ముందు కాళ్ళకి నమ్మకం రావాలి" అన్నారు. మళ్ళీ ఆయనే, "కాకపోతే దానికి పెట్రోలు కావాలి, నడిపేవాడు కావాలి. వాడు ఎటు తిప్పితే నువ్వు అటే. తెరచాపకి గాలొక్కటి చాలు, ఈ ఊళ్ళో దొరకందీ అదే" అని వాళ్ళ బాల్కనీ వైపు చూశారు. అక్కడ ఆంటీ పాత చీర పేలిక ఒకటి కట్టి ఉంచేవారు. అది కదిలితే ఆదివారం తెరచాప, కదలకపోతే తాడు. చలికాలం పొగమంచులో అది నెలల తరబడి కదిలేది కాదు. ఎండలు ముదిరి వేడిగాలి మొదలయ్యాక ఊరంతా తిట్టుకుంటుంటే ఆయనొక్కరే ఉషారుగా తిరిగేవారు.

తెరచాపతో ముందుకి పోవడం నాకు త్వరగానే వచ్చింది. రావడమే రాలేదు. ఒడ్డు నుంచి వీచే గాలి నన్ను హాయిగా అవతలి రెల్లులోకి తీసుకెళ్ళి వదిలేది. తిరిగి రావాలంటే గాలికి ఎదురు కాబట్టి అటూ ఇటూ మలుపులు తిప్పుతూ రావాలి. మలుపు దగ్గర పడేదాన్ని. "నువ్వు పడు, తెరచాప పడనీ, బోర్డుని మాత్రం వదిలి ఈదుకుంటూ బయల్దేరకు" అన్నది ఆయన గట్టి మాట. అందుకని బోర్డు మీద కూర్చుని చూస్తూ ఉంటే, మోటారు పడవ నడిపే భయ్యా వచ్చి, "రస్సీ దూఁ, మేడమ్?" అని తాడు చాపి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి లాక్కొచ్చేవాడు.

ఒడ్డున టీ ఉండేది. ఆంటీ కాచి ఇచ్చిన అల్లం టీ. దానికి అంకుల్ పెట్టిన ఆచారం ఒకటుంది. గాలి మీద తిరిగొచ్చినవాళ్ళకి మొదటి టీ, ఫ్లాస్కు మూతలో. తాడు మీద వచ్చినవాళ్ళకి తర్వాత, కాగితం కప్పులో. ఎంత పెద్ద ఆఫీసరైనా అంతే. నాకు ఎప్పుడూ కాగితం కప్పే. ఒకసారి అలిగాను కూడా.

"నాకొద్దు అంకుల్. ఇంగ మూతలో ఇస్తేనే నేను తాగేది."

"చల్లారిపోద్ది, తాగు. వచ్చే వారం మూత నీదే."

ప్రతి వారం అదే మాట. చివరి ఆదివారం కూడా. ఆ రోజు ఒక మలుపు తిప్పగలిగాను, రెండోదాని దగ్గర పడ్డాను. భయ్యా లాక్కొస్తుంటే అంకుల్ ప్యాంటు మడుచుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో ఎదురొచ్చారు. "మలుపులో కాళ్ళకేసి చూశావు. అవెక్కడికీ పోవు. ఒడ్డుకేసి చూడు" అన్నారు. కాగితం కప్పు ఇచ్చారు. ఆ మంగళవారమే పోయారు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. వచ్చే వారం అని మాటిచ్చి అలా ఎలా పోతారు?

కర్మలన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం, తెల్లవారుతుండగా ఆంటీ ఫ్లాస్కుతో పైకి వచ్చారు. "పద, నేనూ వస్తాను" అన్నారు. ఆవిడ ఎన్నడూ చెరువుకి రాలేదు. నేవీ ఆయన్ని చేసుకుని నీళ్ళకేసి చూసిన చూపులు జన్మకి చాలని అనేవారు.

ఆ రోజు గాలి సన్నగా ఉంది. రెల్లు దాకా పోయి మలుపు తిప్పాను. భయ్యా దూరం నుంచి తాడు ఎత్తి చూపించాడు. ఈసారి నవ్వలేదు. వద్దని తలూపాను. రెండో మలుపు దగ్గర కళ్ళు కాళ్ళ మీదికి పోబోయాయి. తలెత్తాను. ఒడ్డున అంకుల్ నిలబడే చోట ఆంటీ, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఆవిడకేసే చూస్తూ వచ్చాను. బోర్డు ముక్కు బురదలో దిగబడ్డాక గానీ ఊపిరి తీసుకోలేదు.

"నాకివన్నీ తెలీవమ్మా. దేని మీద వచ్చావో నువ్వే చెప్పు" అన్నారు ఆంటీ.

"గాలి మీదే ఆంటీ."

"వారం వారం గుమ్మంలో అడుగు పెడుతూనే చెప్పేవారు, 'మన పిల్ల ఇవాళా తాడు మీదే' అని" అంటూ ఆవిడ ఫ్లాస్కు మూత తీసి, అందులోనే టీ పోశారు.

రెండు చేతులా పట్టుకున్నాను. తాగలేకపోయాను. మూతలోంచి లేస్తున్న ఆవిరి గాలికి వాలి, మా మీద నుంచి నీళ్ళ వైపు పోతూ ఉంది.

"చల్లారిపోద్ది, తాగు" అన్నారు ఆంటీ.