అభ్యంతరం నాది, షట్టర్లు అత్తమ్మవి

మా అత్తమ్మ మైకు కోసం చెయ్యి చాచిన క్షణంలోనే ప్రమాదం అర్థమైంది.

బాన్సువాడ కొత్త పట్టణ ప్రణాళికలో మా గల్లీని వ్యాపార ప్రాంతంగా చూపించి, అభ్యంతరాలు చెప్పమని సభ పెట్టారు. దుకాణాలొస్తే లారీలొస్తాయి, నా ఇద్దరు పిల్లలకు ఇంటి ముందు ఆడుకునే చోటుండదు. ఆ బెంగతోనే వెళ్లాను. తోడుంటుందని అత్తమ్మను తీసుకెళ్లాను. బాగానే మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత అత్తమ్మ అందుకుంది. "సారూ, మా ఇంటి ముంగట దుకాణాలకు రెండు షట్టర్లు కట్టిస్త. కిరాయికి కావాల్నంటే గిప్పుడే చెప్పున్రి. కోడలు మాట ఇడిసిపెట్టున్రి, దానికి అన్నిటికీ ఫికరే."

వెనక నుంచి ఒకాయన, "టిఫిన్ సెంటర్‌కు ఇస్తవా అవ్వా?" అన్నాడు.

"ఇస్త. గోడకు నూనె మరక కావద్దు."

సభంతా ఒకటే నవ్వు. ఆఫీసరు నా అర్జీ తీసుకుంటూ, "ముందు మీ ఇంట్ల ఒక్క మాట మీదికి రాన్రమ్మా" అన్నాడు. నా భయం ఊరందరికీ చెప్పాను గానీ, ఇంట్లో ఒక్కసారీ చెప్పలేదని అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున పిల్లలకు చెప్పాను: "ఫైసలా అయ్యేదాకా గల్లీల ఎంత ఆడుకుంటరో ఆడుకోన్రి. షట్టర్ల కోసం ఎవరన్న వస్తే, నానమ్మ పండుకుందని చెప్పున్రి."