శీర్షాసనం వేసిన నెమళ్ళు

ఇప్పుడు ఫోనులోనే చీర మడతలు విప్పి చూసుకుంటున్నారు గానీ, ఆ రోజుల్లో కంప్యూటరు తెర మీద ఒక చీర కుదురుగా కనిపించడమంటే ఆఫీసంతా ఊపిరి బిగబట్టి చూసేంత పని. మద్రాసులో కోడంబాక్కం స్టేషను దగ్గర మేడ మీద రెండు గదులు మా ఆఫీసు. టి. నగర్‌లో చీరల కొట్టున్న ఒక షావుకారు కోసం, అంచుల రంగులు మార్చి చూపించే ప్రోగ్రాము రాస్తున్నాం. బొమ్మ గీసే గ్రాఫిక్స్ లైబ్రరీ ఒకటి, తెర మీద కిటికీలూ బటన్లూ అమర్చే టూల్‌కిట్ మరొకటి. మొదటిదాన్ని రెండోదాని కిటికీలో కూర్చోబెట్టడం నా పని. తెర మీది చుక్కల వరసలను లైబ్రరీ కింది నుంచి పైకి లెక్కపెడుతుంది, టూల్‌కిట్ పై నుంచి కిందికి. దాంతో అంచు మీది జత నెమళ్ళు కాళ్ళు పైకెత్తి శీర్షాసనం వేశాయి.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "సోమవారం షావుకారు ముందర నెమలి నిలబడాల. లేదంటే నువ్వు ఈడ నిలబడవు," అన్నారు మేనేజరు (మాట మీద నిలబడే మనిషి, అదే నా భయం). శనివారం లెక్కలో ఒక ప్లస్ గుర్తును మైనస్‌గా మార్చి వాటిని నిలబెట్టాను. "నెమళ్ళు లేచినవి" అని డైరీలో రాసుకుని హాయిగా నిద్రపోయాను కూడా.

సోమవారం కంప్యూటరును ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాం. కొట్టులో పరుపు మీద కూర్చున్న షావుకారు ముందు ప్రోగ్రాము తెరిస్తే, మళ్ళీ శీర్షాసనమే! మా సీనియరు, అందరం అన్నా అని పిలిచే పాత మద్రాసు మనిషి, నా చెవిలో గొణిగాడు.

"పాపం కష్టపడతా ఉండావని పొద్దున నా భాగంలో నేనూ తిప్పేసినా ప్పా!"

"నేను ముందే తిప్పాను కదన్నా!"

"చెప్పాల గదరా! రెండుసార్లు తిప్పితే యాడికి పోతాది? మొదటికే వస్తాది."

మేనేజరు నా వంక చూసిన చూపుకి కంగారుపడి తెరను చేత్తో మూయబోయాను. షావుకారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని తెరను తీరిగ్గా చూశాడు.

"బాగుండాదే నైనా! ఈ పరుపు మింద కూసున్న కాణ్నించి చీరని నేను ఇట్లే గదా చూస్తా ఉండేది. అంచు ఎప్పుడూ కొనేవాళ్ళ తట్టే తిరిగి ఉంటాది. వాళ్ళకి చూపించేదానికి తిప్పే బటను ఒకటి పెట్టు, సాలు."

"అందుకే అట్లా పెట్టినాం సార్," అన్నారు మేనేజరు, రెప్ప వేయకుండా.

బటను పెట్టాను. ఉద్యోగం ఖాయమైంది. (పై అంచు నొక్కితే కింది అంచు రంగు మారుతోందని తర్వాత తెలిసింది. దాని జోలికి ఇప్పుడు పోను.)

షావుకారు నిజంగానే మెచ్చాడో, నా కంగారు చూసి అలా అన్నాడో ఇప్పటికీ తెలియదు. మేం లేచేటప్పుడు "అన్నం తిన్నావా నైనా?" అని నన్నొక్కణ్ణే అడిగాడు.

ఇప్పుడు మా ఆవిడతో ఏ చీరల కొట్టుకి వెళ్ళినా, ముందు అమ్మేవాళ్ళ వైపుకెళ్ళి నిలబడతాను. "ఆడ మీకేం పని? ఈ తట్టు రాండి," అని ఆవిడ కేకేస్తుంది. తలకిందులుగా ఉన్న నెమళ్ళకు మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుని, కొనేవాళ్ళ వైపుకి వచ్చేస్తాను.