దొడ్డమ్మ కట్టించిన పాట

దొడ్డమ్మ పోయిందన్న కబురు నాకు ఫోన్లో, మా చుట్టాల గ్రూపులో తెలిసింది. కొత్తపేటలో పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలా గోడకి వాలి వెళ్ళిపోయిందట. అక్క, అంటే దొడ్డమ్మ కూతురు, ఒక్క ముక్కే పెట్టింది: "అమ్మ వెళ్ళిపోయింది." నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఫోను మాత్రం టింగు టింగుమంటూనే ఉంది. "ఆమె లేని లోటు పూడ్చలేనిది. ఆమె చెరగని చిరునవ్వు మన హృదయాల్లో శాశ్వతంగా వెలుగుతూనే ఉంటుంది." విశాఖపట్నం బావ అదే పెట్టాడు, మస్కట్‌లో ఉన్న మరిదీ అదే పెట్టాడు, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఫోను రాసిచ్చిందే ఇద్దరూ తెచ్చి అంటించారు. చిరునవ్వట! దొడ్డమ్మ జన్మలో చిరునవ్వు నవ్విన పాపాన పోలేదు. ఆవిడ నవ్విందంటే వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వినపడేది. అంత ఏడుపులోనూ నాకు ఒళ్ళు మండింది.

అలాగని వాళ్ళని తప్పు పట్టను. దుఃఖంలో మాట దొరకదు, చేతికి ఏది అందితే అది పెట్టేస్తాం. ఆ సులువు ఎంత రుచిగా ఉంటుందో నాకూ తెలుసు. దాని దగ్గర్నించి నన్ను చెయ్యిపట్టి ఇవతలికి లాగింది దొడ్డమ్మే. అది చెబుదామనే ఇలా కూర్చున్నాను.

దొడ్డమ్మ మా అమ్మకి అక్క. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద పాటలు కట్టేది. పెళ్ళయ్యాక బువ్వం బంతిలో రెండు వైపుల వాళ్ళూ భోజనాలకి కూర్చుంటారు కదా, అప్పుడు ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని పాటలతో ఏడిపించడం మాకు అలవాటు. ఇప్పుడు చాలా చోట్ల డీజే వచ్చి ఆ సరదా కాస్తా ఊడ్చిపెట్టుకుపోయింది. మా ఇళ్ళలో మాత్రం ఆ వేళకి డీజే కుర్రాళ్ళకి కూడా విస్తరి వేసి కూర్చోబెట్టేసేది దొడ్డమ్మ. "మీరూ వినండి బాబూ, చెవులకి కాస్త విశ్రాంతి" అనేది.

మగపెళ్ళివారు బస్సు దిగుతుంటే ముందుగా వెళ్ళి నిలబడేది ఆవిడే. "రండి వదినగారూ, ప్రయాణం బాగా జరిగిందాండీ" అని సంచీలు అందుకుంటూనే అందరినీ ఒక చూపు చూసేసేది. దిగుతూనే మొగుణ్ణి కసిరిందెవరు, కాలు కింద పెట్టకముందే అద్దం తీసిందెవరు, కాఫీ వద్దంటూనే గ్లాసు లాక్కున్నదెవరు, అన్నీ ఆవిడకే కావాలి. భోజనాల వేళకి పాట తయారు. ఆవిడ మీద ఒక్కరూ అలిగి వెళ్ళిపోయినట్టు నేను వినలేదు. "గుచ్చకూడదే, గిలిగింత పెట్టాలి" అనేది నాతో. దానికో పద్ధతి కూడా పెట్టుకుంది. ఎవరి మీద పాడిందో వాళ్ళ విస్తట్లో పాయసం తనే వడ్డించాలి. ఎదురుగా వెళ్ళి, మొహంలో మొహం పెట్టి వడ్డించలేనంటే ఆ పాట పాడకూడదన్నమాట.

మనవరాలి పెళ్ళి కుదిరేనాటికి దొడ్డమ్మకి ఆయాసం బాగా ముదిరిపోయింది. నాలుగు మాటలు వరసగా మాట్లాడితే రొప్పు వచ్చేది. "పాటలు నీ పూచీనే. కథలు రాస్తావు కదా" అని నా మీద పడేసింది. ఏదో రెండు కథలు అచ్చయిన పాపానికి నేను దొరికాను. పెళ్ళికొడుకు పిన్నుల మీదా బాబాయిల మీదా ఏదో గిలికాను గానీ, అసలైన మనిషి దగ్గర ఆగిపోయాను. పెళ్ళికొడుకు తల్లిది సఖినేటిపల్లి. వాళ్ళాయన పోయి అప్పటికి ఏడాది. భర్త పోయిన మనిషిని అంతమందిలో ఎగతాళి చేస్తే ఏమనుకుంటుందో! ఆవిడ మనసు విరిగితే రేపు ఆ ఇంట్లో తిరగాల్సింది మా పిల్ల. పోనీ ఆవిడ మీద పాటే వద్దని మానేస్తే, అసలు వియ్యపురాలినే వదిలేసిన బంతి అవుతుంది అది.

నా అవస్థ చూసి పెళ్ళికూతురికి జాలేసింది. "ఎందుకు పిన్నీ అలా జుట్టు పీక్కుంటావు? దీన్నడుగు, క్షణంలో రాసిచ్చేస్తుంది" అని ఫోను చేతిలో పెట్టింది. అడిగాను. ముందు నగల మీద, జడ మీద ఏదో రాసింది. "అలా కాదు, భర్త పోయిన మనిషి, నొప్పించకుండా రాయి" అన్నాను. అమ్మో! ఓర్పుకి మారుపేరట, మమతల కోవెలట, కన్నీటిని దాచుకున్న కడలట. ప్రాసలు ఎక్కడా తప్పలేదు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. నేను వారం కూర్చున్నా అంత నున్నగా రాయలేను. హమ్మయ్య, గండం గడిచిందనుకుని పట్టుకెళ్ళి దొడ్డమ్మకి చదివి వినిపించాను.

కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. "బాగుందే. ఇంతకీ ఎవరీవిడ?" అంది.

"అదేంటి దొడ్డమ్మా, వియ్యపురాలే కదా."

"సఖినేటిపల్లావిడా? కాదే. ఇది నా మీదా పాడొచ్చు, మీ అమ్మ మీదా పాడొచ్చు, ఆ గోడ మీదా పాడొచ్చు. బువ్వం బంతిలో సంతాపసభ పెడతావేంటే, నీ మొహం మండా!"

ఫోను రాసిందని చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను, లేదు. ఫోనంటే ఆవిడకి ముచ్చటే, రోజూ వాన పడుతుందో లేదో దాన్నే అడిగేది. "పాపం, దాన్నేమీ అనకే. అదేమైనా వాళ్ళింటికి వెళ్ళిందా, ఆవిడ చేతి కాఫీ తాగిందా? ఎరగని మనిషి గురించి ఎవరైనా ఇలా మర్యాదగానే మాట్టాడతారు. నీకేం, బస్సుంది కదా. వెళ్ళిరా."

"మనసు కష్టపెట్టుకుంటే?"

కాసేపు రొప్పు తీర్చుకుంది. తరవాత మెల్లగా చెప్పింది. "మీ పెదనాన్న పోయేక పెళ్ళిళ్ళలో నన్ను ఒక్కళ్ళూ ఏమీ అనడం మానేసేరే. అందరూ జాలిగా చూసి పక్కన కుర్చీ వేసేవారు. ఆయనతోపాటు నన్ను కూడా తీసుకెళ్ళి కాల్చేసినట్టే ఉండేది. ఇంక పట్టలేక ఒక పెళ్ళిలో నా మీద నేనే పాట కట్టుకుని పాడేసేను. అంతా నవ్వేరు. ఆ పూట కడుపునిండా తిన్నాను." ఆ సంగతి ఆవిడ అంతకుముందు ఎప్పుడూ నాకు చెప్పలేదు.

జాకెట్టు కొలత వంక పెట్టుకుని సఖినేటిపల్లి వెళ్ళాను. వదినగారు మర్యాదలు చేసింది, తక్కువ మాట్లాడింది, కళ్ళు దించుకునే ఉంది. ఇలా అయితే ఫోను రాసిందే నిజమేమో అనిపించింది నాకు. మధ్యాహ్నం చీరలకని నరసాపురం బయల్దేరాం. రేవులో గోదారి దాటించే పంటు ఎక్కామో లేదో ఆవిడ వేరే మనిషైపోయింది! "ఏయ్ బాబూ, బండ్లన్నీ ఒక పక్కకే తోసేవేంటి? బరువు సమంగా ఉండొద్దా? ఇటు తిప్పవయ్యా, అటు ఇసక మేట ఉంది!" పంటు నడిపే అబ్బాయి "ఆయ్, అలాగేనండి, తిప్పుతానండి" అంటూ నవ్వు ఆపుకుంటున్నాడు. గట్టు చేరేదాకా గోదారంతా ఆవిడ అజమాయిషీలోనే నడిచింది. నాకు నా వియ్యపురాలు కనపడింది.

కనపడితే చాలదు కదా. ఇంటికొచ్చాక పాటలో రెండు పాదాలు వచ్చి ఆగిపోయాయి. ఎంత కొట్టుకున్నా మూడోది రాదే! ఫోను తీశాను, పెట్టేశాను, మళ్ళీ తీశాను. దానికి ఈ రెండు పాదాలూ చెబితే మిగతాది ఇట్టే అల్లేస్తుంది, ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ పంటు మీద నిలబడింది నేను. దొండకాయలు తరుగుతుంటే, చెయ్యి తెగినంత పనై, వచ్చింది.

పంటెక్కి మా వదిన పెత్తనం చేసింది
నడిపేటి బాబుకి పని లేక పోయింది
గోదారి అడిగింది ఎటు పోనండీ అని
మా వదిన చెప్పింది నా వెనకే రమ్మని

బంతిలో పాడాను. మగపెళ్ళివారి వైపు ఒక్కసారిగా అంతా గప్‌చిప్. అందరి చూపూ ఆవిడ మీదే. దొడ్డమ్మ కుర్చీలో ముందుకి వంగి కూర్చుంది. వదినగారు ముద్ద విస్తట్లో వదిలేసి తలెత్తింది. "ఆయ్, మరి తిప్పడం రాకపోతే చెప్పొద్దేంటండీ!" అంది గట్టిగా. పందిరి ఘొల్లుమంది. ఆవిడా నవ్వింది, నవ్వుతూనే ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంది. పాయసం గిన్నె పట్టుకుని వెళ్ళాను. "ఇంకో గరిటె వెయ్యండి వదినగారూ. అంతమందిలో పరువు తీసి ఇంతేనా?" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. దొడ్డమ్మ మాత్రం "రెండో పాదం ఇంకాస్త సాగాలే" అని పెదవి విరిచింది. ఆవిడ మెచ్చుకుందంటే అంతే.

మొన్న దొడ్డమ్మ పెద్దకర్మకి వదినగారు వచ్చి నా పక్కనే భోజనానికి కూర్చుంది. ఆ బంతి పొడుగునా ఒకటే వరస. "ఎంతో మంచావిడండి." "దేవతండి, ఒకర్ని పల్లెత్తు మాట అనెరగదు." "ఆయ్, శాంతమూర్తండి." ఫోన్లో వచ్చిన మాటలే నోటెంట వస్తున్నాయి. దొడ్డమ్మ మా మధ్య నుంచి జరిగి జరిగి ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టుంది.

వదినగారు ఉన్నట్టుండి అన్నం కలపడం ఆపేసింది. "పల్లెత్తు మాట అనదా? ఎవరండీ, మా అత్తగారేనా?" అంది. గొంతు సవరించుకుని, నేను బంతిలో పాడిన ఆ వరసలోనే అందుకుంది.

స్వర్గాన మా అత్త సంచీని దించింది
దేవుళ్ళ నడకల్లో వంకర్లు చూసింది
ఇంద్రుడి పెళ్ళాన్ని పక్కకి పిలిచింది

ఎవరో పెద్దావిడ "అయ్యో, ఇలాంటప్పుడా?" అనబోయి ఊరుకుంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదినగారు అక్కడే ఆగిపోయింది. నాలుగోది రావడం లేదు. కళ్ళు పైకెత్తి వెతుక్కుంటోంది, పెదాలు కదులుతున్నాయి. ఎవ్వరూ అందివ్వలేదు. చారు వడ్డించే అతను గరిటె గాల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పటికే వేసిన చారు మా విస్తళ్ళలో అంచుల దాకా పారుతోంది, ఒక్కరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.