కింది నుంచి ఎత్తాలె

నా చిన్నప్పుడు, నార్సింగికి ఇవతల ఉన్న మా ఊళ్లో గొప్పగా చెప్పుకోవడానికి ఒక బండ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ ఊరి పొలాల్లో మా అపార్ట్‌మెంట్ ఉంది. బండ కూడా ఉంది. దాన్ని పగలగొట్టడం దండగ అనుకున్నాడో, చూడ్డానికి బాగుందనుకున్నాడో, బిల్డరు దాని చుట్టూ గడ్డి పెంచి, రంగు దీపాలు పెట్టి, పక్కనే 'బండ ఎక్కరాదు' అని ఒక బోర్డు పాతాడు. వాకింగ్‌కు వెళ్లినప్పుడల్లా ఆ బోర్డు చూసి నాకు నవ్వొస్తుంది. ఆ బండ మీద జారి దోక్కుపోని మోకాలు మా ఊళ్లో ఒక్కటి కూడా లేదు మరి.

ఊరంతటికీ ధాన్యం ఆరబోసుకునే చోటు అదే. జొన్నలు, కందులు, మిరపకాయలు, ఏ కాలానికి ఏవి పండితే అవి. గీతలు గీసుకున్నది లేదు, పేర్లు రాసుకున్నది లేదు. తెల్లవారకముందే గంప ఎత్తుకొచ్చిన వాళ్లకు పైభాగం దొరికేది. కూలి పని చూసుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లకు పడమటి వైపు వాలు, ఆ కింది అంచు మిగిలేది. వాన పడితే బండ మీది నీళ్లన్నీ జారి చేరేది ఆ అంచుకే. అందుకని మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. మబ్బు పడితే, కావలి ఉన్నది ఎవరైనా సరే, కింది నుంచి ఎత్తుకుంటూ పైకి రావాలి. ఎవరి గింజలు అని చూడకూడదు. బండ నెత్తిన ఒక పెద్ద రాతిగుండు ముందుకు వంగి ఉండేది. దాని కింద చుక్క పడదు. అన్నీ అక్కడికి చేర్చాలి. మాటలు వచ్చిన ప్రతి పిల్లకూ మా పెద్దవాళ్లు ఈ సంగతి చెప్పేవారు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. భర్త పోయాడు, రెండేళ్ల కూతురు. మా అమ్మకు పొలం పనులతో తీరిక లేక నా తలను అక్కకు అప్పజెప్పింది. రోజూ పొద్దున అక్క పనికి పోయేముందు నన్ను గడప మీద కూర్చోబెట్టుకుని చిక్కు తీసి జడ వేసేది. అమ్మ దువ్వితే ఊరంతా వినబడేలా ఏడ్చేదాన్ని, అక్క దువ్వితే నిద్ర వచ్చేది. వస్తూ వస్తూ కొంగున నాలుగు రేగుపళ్లు కట్టుకొచ్చి నా చేతిలో పోసేది. ఆ యేడు నెల రోజులు వంగిన నడుము ఎత్తకుండా జొన్న కోసింది. కూలి కింద వచ్చిన సంచెడు జొన్నలు బండ కింది అంచున ఆరబోసింది. మళ్లీ వానలు పడి నాట్ల పని మొదలయ్యేదాకా తల్లీబిడ్డలకు తిండి అదే. ఆ సంగతి నాకూ తెలుసు.

ఆ రోజు పెద్దవాళ్లంతా కళ్లంలో ఉన్నారు. బండ మీద కావలి నేను. నాకు తొమ్మిదేళ్లు. చేతిలో కర్ర, ముందు పిచ్చుకలు, ఇంక నా దర్జా ఏం చెప్పను! పైభాగంలో మావి సంచెడు జొన్నలు, అంచున అక్కవి. మిగతావాళ్లు అప్పటికే ఎత్తుకుపోయారు. మధ్యాహ్నం దాటాక గండిపేట వైపు నుంచి మబ్బు లేచింది. ఎండాకాలంలో మబ్బేంటని నేను చూస్తూ ఉండగానే గాలి మొదలైంది. చేట పట్టుకుని నిలబడ్డాను. కిందికి చూశాను, పైకి చూశాను. కట్టుబాటు గుర్తులేక కాదు. మావి తడిస్తే మా నాయన వీపు పగలగొడతాడన్న భయం, మావి కాపాడితే నాయనమ్మ పదిమందిలో మెచ్చుకుంటుందన్న ఆశ, రెండూ కలిసి నన్ను పైకి నడిపించాయి. గంప తర్వాత గంప మా జొన్నలు గుండు కిందికి చేర్చాను. చివరి గంప దించుతుంటే చినుకులు పడ్డాయి. కిందికి పరుగెత్తేసరికి అంచంతా నీళ్లు. అక్క జొన్నలు బండ మీద నుంచి జారి మట్టిలోకి పోతున్నాయి. లంగాలోకి ఎత్తుకోబోయాను. ఎత్తినదానికంటే జారిపోయినవే ఎక్కువ. అప్పుడు ఏడుపొచ్చింది.

వాన తగ్గుతుండగా అందరూ పరుగెత్తుకొచ్చారు. అక్క నేరుగా అంచు దగ్గరికి దిగింది. చంటిదాన్ని చంకనెత్తుకునే తడి బండ మీద కూలబడి, గింజలు చేత్తో దోసి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. మా నాయనమ్మ గుండు దగ్గరికి వెళ్లి మా కుప్పను చూసింది. చెయ్యి పెట్టి చూసింది కూడా. తర్వాత నన్ను చూసింది. ఒక్కసారే. కిందికి దిగి అక్క భుజం మీద చెయ్యి వేసింది.

"ఇగ లే బిడ్డా. పైనున్నయి నువ్వు తీస్కపో. ఇవి మేం తీస్కపోతం."

"గదేంది పెద్దమ్మా? వాన జేసినదానికి నువ్వేం జేస్తవ్?"

"కావలి మా ఇంటిది," అన్నది నాయనమ్మ.

మట్టి కడిగి, తడిసిన జొన్నలను మా వాకిట్లో మూడు రోజులు ఎండబెట్టింది. నల్లబడ్డాయి. కొన్ని మొలకెత్తాయి. ఆ పిండితో రొట్టె చేస్తే పెనం మీదే విరిగేది. నోట్లో పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన. మొదటి రోజు మా నాయన రొట్టె తుంచి, ముఖం అదోలా పెట్టి, "ఏందమ్మా గిది?" అని అడిగాడు. నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, "వానకు తడిసినయి బిడ్డా," అన్నది. అంతే. నా పేరు రాలేదు. ఆ సంచి అయిపోయేదాకా ఎవరు గొణిగినా అదే మాట. అందరికీ పెట్టినట్టే నాకూ పెట్టేది. తను మాత్రం పచ్చికారం నంజుకుని ఎంతో ఇష్టంగా తినేది. నాలుగు దెబ్బలు వేసి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్ని. ఆ రొట్టెల్ని ఎలా మరిచిపోను?

అక్క ఇంటి వైపు పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. నాలుగు రోజులు తల దువ్వించుకోలేదు. అయిదో రోజు దువ్వెన పట్టుకుని తనే వచ్చి నన్ను లాగి కూర్చోబెట్టింది. జడ సగమయ్యాక ఇక ఆగలేక, "అక్కా, నేను పై నుంచి ఎత్తిన," అన్నాను.

"నాకెర్కే," అన్నది. "పైన పొడిగుండి కింద తడిస్తే ఎవలకెర్కుండది? తల తిప్పకు."

దువ్వెన ఎప్పటిలాగే మెత్తగా నడిచింది. జడ వేశాక కొంగు ముడి విప్పింది. అందులో నాలుగు రేగుపళ్లు.

ఇప్పుడు నేను పదకొండో అంతస్తులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బాల్కనీల్లో ఏమీ ఎండబెట్టకూడదని మా అపార్ట్‌మెంట్ వాళ్లు నియమం పెట్టుకున్నారు కాబట్టి అందరం మిద్దె మీదికే చేరతాం. మొన్న ఎండాకాలం నా మిరపకాయలు ట్యాంకు దగ్గర ఎత్తు మీద పోశాను. మా కింది అంతస్తులో ఉండే గోదావరి వైపు అమ్మాయి ఆఫీసుకు పోతూ, నీళ్లు పోయే గొట్టం పక్కన గుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెట్టి వెళ్లింది. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక ఆ యేడు మొదటిసారి తనే పెట్టుకుందట. సాయంత్రం కాకముందే మబ్బు పడింది. నా మోకాళ్లకు రెండు పరుగుల ఓపిక లేదు, ఒక్కదానికే ఉంది. కాళ్లు వాటంతట అవే గొట్టం వైపు నడిచాయి.

సాయంత్రం ఆ పిల్ల వచ్చి వడియాలు చూసుకుని మురిసిపోయి, తడిసిన నా మిరపకాయలు చూసి నొచ్చుకుంది. "అయ్యో పిన్నిగారూ, ముందు మీవి తీసుకోవాల్సిందండీ!"

"కింది నుంచి ఎత్తాలె గదమ్మా," అన్నాను. పాపం, ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

మూడు రోజులు ఎండబెట్టినా కాయలు నల్లబడ్డాయి. వాటితోనే పచ్చడి నూరాను. మా అమ్మాయి ఒక ముద్ద తిని, "ఏందమ్మా, గిట్లున్నది?" అని ముఖం చిట్లించింది.

"వానకు తడిసినయి బిడ్డా," అన్నాను.

ఆ రొట్టెలు మా నాయనమ్మ అంత ఇష్టంగా ఎట్లా తినగలిగిందో నాకు ఆ పూట తెలిసింది. ఇంకో ముద్ద కలుపుకున్నాను.