నిమ్మచెట్టు మీది పురుగు

నా చిన్నప్పుడు, నిజాం పాలన చివరి రోజుల్లో, పెన్‌పహాడ్ దగ్గరి మా ఊళ్లో మా పెరటి నిమ్మచెట్టు కాసినన్ని కాయలు ప్రపంచంలో ఏ చెట్టూ కాయలేదు. సూర్యాపేటలో వాటి పేరెత్తితే కోదాడలో నోళ్లూరేవి. దాని ఆకులు పురుగుల పాలవుతుంటే కర్ర పట్టుకుని యుద్ధానికి దిగాను. పక్కింటి అక్క ఆపింది. పన్నెండేళ్ల ఆ పిల్ల నా దృష్టిలో సమస్త శాస్త్రాలూ చదివిన పండితురాలు.

లేత ఆకు మీద ఆవగింజలో సగం ఉన్న గుడ్డు చూపించింది. అందులోంచి వచ్చే పురుగు అచ్చం పిట్ట రెట్టలా, నలుపూ తెలుపూ.

"పిట్టలు గూడ రెట్టే అనుకొని ఇడిసిపెడ్తయి, సూడు," అంది.

ముదిరితే ఆకుపచ్చగా బలుస్తుంది. అలాంటిదాన్ని ముట్టుకున్నాను. తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాచి కంపు వదిలింది. ఆ కంపుకు పొరుగూరి బర్రెలు పలుపుతాళ్లు తెంపుకున్నాయి. మరొకటి అప్పటికే సన్నటి దారంతో నడుముకు మొలతాడు కట్టుకుని, కొమ్మకు ఆనుకుని గూడైపోయింది.

ఈ విద్యంతా నేనే కనిపెట్టినట్టు మా తాతయ్యకు వినిపించాను. ఆయన నవ్వలేదు.

గడీలో దొర కూతురి పెళ్లి. పెళ్లికూతురి వెంట ఊరి నుంచి ఒక ఆడపిల్లను దాసీగా అత్తారింటికి పంపేవారు. వెళ్లిన పిల్ల తిరిగి రాదు. మర్నాడు గడీ మనిషి మా వాడకు వస్తాడన్నారు. పొద్దున్నే తాతయ్య మా సొంత అక్క ముఖానికి పసుపు పూసి, కుంకుమతో పొక్కులు దిద్ది, గుమ్మానికి వేపమండలు కట్టాడు. వేపమండ కట్టారంటే ఇంట్లో అమ్మవారు పోసిందని అర్థం. ఎవరూ గడప తొక్కరు.

"పక్కింటోళ్లకు చెప్పొద్దా తాతా?"

"అందరి ఇండ్లకు కడితె వాడు నమ్ముతడా? నోర్మూస్కొని కూసో," అన్నాడు, నా వైపు చూడకుండా.

కూర్చున్నాను. గడీ మనిషి మా గుమ్మం ముందు చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, పక్కింటికి నడిచాడు.

అతని వెంట వెళ్తూ పక్కింటి అక్క నా దగ్గర ఆగింది. "లగ్గం కాంగనే వస్త. మీ అక్క పైలంరా. నీకు అంటకుండ జర దూరముండు."

పదో రోజున గూడు చీల్చుకుని సీతాకోకచిలుక వచ్చింది. నల్లటి రెక్కల మీద లేత పసుపు చుక్కలు, అడుగున ఎర్ర బొట్టు. అప్పటికే ఆమెను మిర్యాలగూడ అవతలికి పంపేశారు.

నేను గోరంతను కొండంత చేస్తానని ఇంట్లో అందరూ నవ్వుతారు. చేస్తాను. కానీ మా గుమ్మం నుంచి ఆమె గుమ్మానికి పదకొండు అడుగులు. ఇన్నేళ్లలో ఒక్క అడుగు కూడా పెంచి చెప్పలేకపోయాను.