ముత్తెమ్మ పాసు

ముత్తెమ్మది నాందేడ్ జిల్లాలో, మాహూర్ అవతలి అడవిలో, ఇప్పుడు లేని ఊరు. పులుల కోసమని ఆ ఊరిని ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్కన రేకుల ఇళ్లలోకి తోలారు. పోయినదానికి బదులన్నట్టు ఇంటికో ఉచిత ప్రవేశ పాసు చేతిలో పెట్టారు. ఎవరి ఊళ్లోకి ఎవరు పాసివ్వాలి? రాస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

ఆమె భర్త సమాధి ఆ పాత ఊళ్లోనే ఉంది. ఏటా పెత్రమాస నాడు, పోయినవాళ్లకు పెట్టుకునే ఆ అమావాస్యకు, సమాధి మీద ఇంత అన్నం పెట్టి రావడం ముత్తెమ్మ ఎన్నడూ తప్పలేదు. పాసు ఉన్న పాత ఊరివాళ్లను లోపల నడవనిచ్చేవారు.

పాసులు రాసిన రోజు గుమాస్తా ఇంటి యజమాని పేరు అడిగాడు. పెనిమిటి పేరు, ఆయన పోయాక కూడా, ముత్తెమ్మ నోట పలకదు. తల వంచుకుని, పక్కనున్న మరిది అంబదాస్‌ను చూపించి, "ఈయనకు అన్న" అంది. విసుగెత్తిన గుమాస్తా అంబదాస్ పేరే రాసేశాడు. ఏదో ఒక మగ పేరు పడింది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

మొన్న ఎండాకాలంలో అంబదాస్ పోయాడు. ఈసారి పెత్రమాసకు అడవి గేటు దగ్గర కాపలా ఉండే గజానన్ పాసు చూసి తల అడ్డంగా ఊపాడు.

"యజమాని సచ్చిపోయిండని కంప్యూటర్ల పడ్డది అవ్వా. ఇది చెల్లది."

"గాయన నా మరిది బిడ్డా. నా పెనిమిటి వేరే."

"మరి నీ పెనిమిటి పేరేంది?"

ముత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. "మారోతి" అంది, యాభై ఏళ్లలో మొదటిసారి. గజానన్ జాబితా మొత్తం వెతికాడు. ఆ పేరు లేదు.

అతను చెడ్డవాడు కాదు. ముసలివాళ్లకు సగం ధర టికెట్టు ఉందని చెప్పి, తానే కొనిచ్చి, పర్యాటకుల జీపెక్కించాడు. అన్నం మూట మాత్రం గేటు దగ్గరే పెట్టించాడు. టికెట్టు మీద వెళ్లేవాళ్లు లోపల తిండి తీసుకెళ్లకూడదు, బండి దిగకూడదు.

పాత ఊరు వచ్చింది. "ఆపు కొడకా, ఒక్క గడియ," అని ముత్తెమ్మ డ్రైవర్ భుజం పట్టుకుంది.

"నా నౌకరీ పోతదవ్వా," అన్నాడతను. జీపు ఆగలేదు. పొదల మధ్య సమాధి రాయి కనిపించి వెనక్కి పోయింది. పక్కన కూర్చున్న ఆడమనిషి, పులి కనబడిందేమోనని ఆత్రంగా ఫోన్ అటు తిప్పింది.

బయటికొచ్చాక గజానన్ అడిగాడు. "చూసినవా అవ్వా?"

"చూసిన. గాయన సుత నన్ను చూసిండు," అంటూ ముత్తెమ్మ గేటు ముందే కూలబడి ఏడ్చింది. "అన్నం తెస్తనని ఎదురుచూసేటోడు కొడకా. వట్టి చేతులతోని, బండ్ల కూసొని, ఆగకుంట పోతుంటే చూసిండు."